'పడు': చేతులు దాచిన క్రియ

తెలుగులో 'పడు' అన్నంత విరివిగా వాడే క్రియలు కొన్నే ఉంటాయి. వాన పడుతుంది, చీకటి పడుతుంది, పని పడుతుంది, శిక్ష పడుతుంది. కష్టపడతాం, భయపడతాం, ఇష్టపడతాం, సిగ్గుపడతాం. చదువురాని ముసలమ్మ మొదలుకొని యూనివర్సిటీ ఆచార్యుడి దాకా ఈ మాట లేకుండా ఒక్క పూట గడవదు. ఇంత మామూలు మాట గురించి దళిత అధ్యయనాల పత్రికలో వ్యాసం ఎందుకని ఎవరైనా అడగవచ్చు. కారణం ఉంది. దళితుల మీద దాడి చేసినప్పుడు, ఇళ్లు తగలబెట్టినప్పుడు, మనుషుల్ని చంపినప్పుడు పాత తెలుగు పత్రికలు రాసిన వార్తల్లో వాక్యం చివర తరచుగా కూర్చున్నది ఈ క్రియే. 'కొట్టబడిరి', 'దగ్ధము చేయబడినవి', 'చంపబడ్డారు'. వీటిల్లో దెబ్బలు తిన్నవాళ్లున్నారు. కొట్టినవాళ్లు లేరు. ఆ లేకపోవడం వాక్యంలో ఎట్లా తయారవుతుంది, దానివల్ల ఎవరికి మేలు జరిగింది అన్నదే ఈ వ్యాసంలో చెప్పదలుచుకున్న విషయం.

ఒక మాట ముందే చెప్పాలి. ఇక్కడ మచ్చుకు ఇచ్చిన వార్తా వాక్యాలు ఏ ఒక్క పత్రిక నుంచీ ఎత్తి రాసినవి కావు. ఆ తీరు తెలియడానికి కట్టినవి. పాత సంపుటాలు దొరికే గ్రంథాలయానికి వెళ్లి ఎవరికి వారు సరిచూసుకోవచ్చు. చూసుకోవాలి కూడా.

వాడ మాటలో 'పడు'

మొదట జనం నోట్లో ఈ మాట ఎట్లా నడుస్తుందో చూద్దాం. దీని మొదటి అర్థం పైనుంచి కిందికి రావడం. కాయ పడింది, పిడుగు పడింది, గోడ పడింది. దీన్నుంచే మీదికి వచ్చినదాన్ని మొయ్యడం అనే అర్థం వచ్చింది. 'మాటలు పడ్డాను', 'దెబ్బలు పడ్డాను', 'నింద పడ్డాను'. జీతాలుండి పనిచేసినవాళ్లు తమ కథ చెబుతూ 'శానా పడ్డాం' అంటే చాలు, ఏం పడ్డారో వినేవాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. 'పడి ఉండు' అంటే నోరు మూసుకుని బతకమని. 'కాళ్ల మీద పడు' అంటే తప్పు తనది కాకపోయినా క్షమాపణ అడగమని. 'పడ్డవాడెప్పుడూ చెడ్డవాడు కాడు' అని సామెత. పడ్డవాడికి ఇది ఓదార్పే. మరి చెడ్డవాడెవడు? ఆ సంగతి సామెత చెప్పదు.

భావాలు చెప్పేటప్పుడూ ఇదే క్రియ. భయపడు, బాధపడు, సంతోషపడు. బడిలో వ్యాకరణం చదివినవాళ్లకు పడ్వాది సంధి గుర్తుండే ఉంటుంది. భయము, పడు కలిస్తే భయపడు అనీ భయంపడు అనీ రెండు రూపాలు వస్తాయని పంతులు చెప్పే పాఠం అది. ఇవిగాక వేరే మాటలకు తోకగా చేరి కొత్త అర్థాలిచ్చే 'పడు' ఉంది. నిలబడు, తిరగబడు, ఎగబడు, తెగబడు, కలబడు, లోబడు, పట్టుబడు, వెనుకబడు, పాల్పడు. వీటి దగ్గరికి మళ్లీ వద్దాం. వార్తా రచనలో వీటికి పెద్ద పాత్ర ఉంది.

ఇన్ని వాడుకలున్నా, జనం నోట్లో దాదాపు వినపడని వాడుక ఒకటుంది. అదే 'చేయబడు', 'చంపబడు' అనే 'బడు'.

'బడు' ఏం చేస్తుంది?

చేయ, కొట్ట, చంప అనే రూపాల పక్కన 'పడు' చేరితే 'ప' కాస్తా 'బ' అవుతుంది. చేయబడు, కొట్టబడు, చంపబడు. వ్యాకరణం దీన్ని కర్మణి ప్రయోగం అంటుంది. 'రాముడు పుస్తకం చదివాడు' అన్నదాన్ని 'రామునిచేత పుస్తకం చదవబడింది' అని మార్చి రాయించడం బడి పరీక్షల్లో మామూలు. కానీ ఇంట్లో ఎవరైనా 'అన్నం నాచేత తినబడింది' అంటే పిల్లలు కూడా నవ్వుతారు. సంస్కృతంలో ఈ ప్రయోగం సహజం. ఇంగ్లీషులోనూ సహజం. తెలుగు మాటలో అంత సహజం కాదు. కావ్యాల్లో, శాసనం వంటి రాతల్లో, తర్వాత ఆఫీసు కాగితాల్లో, పాఠ్య పుస్తకాల్లో అది బతికింది. అంటే చదువు ఎవరి చేతుల్లో ఉందో వాళ్ల రాతలో బతికింది.

తెలుగు క్రియకు ఒక గుణం ఉంది. దాని చివరి అక్షరం చూస్తే పని చేసిందెవరో కొంతైనా తెలిసిపోతుంది. 'కొట్టాడు' అంటే ఒక మగవాడు. 'కొట్టారు' అంటే కొందరు మనుషులు, లేదా మర్యాద ఇవ్వాల్సిన ఒక మనిషి. కర్త పేరు విడిగా చెప్పకపోయినా వాక్యం నిలుస్తుంది. పల్లె నుంచి ఒకాయన పరుగెత్తుకొచ్చి 'మా వాణ్ణి చంపారయ్యా' అన్నాడనుకుందాం. చంపినవాళ్ల పేర్లు అతను చెప్పలేదు. అయినా ఆ చివరి 'రు'లో వాళ్లున్నారు. వినేవాడు వెంటనే 'ఎవరు?' అని అడుగుతాడు. వాక్యమే ఆ ప్రశ్న అడిగిస్తుంది. అదే సంగతిని 'ఒక వ్యక్తి చంపబడ్డాడు' అని రాస్తే చివర ఉన్న 'డు' చచ్చినవాడిది. చంపినవాళ్లకు వాక్యంలో ఒక్క అక్షరం కూడా మిగలలేదు. చదివేవాడు 'అయ్యో' అంటాడు. 'ఎవరు?' అనాలని అతనికి తట్టదు.

కర్మణి వాక్యంలో చేసినవాణ్ణి చెప్పే దారి లేదా అంటే, ఉంది. 'చేత' అనే విభక్తి. ఈ 'చేత'లో ఉన్నది చెయ్యే. భూస్వాముల చేత చంపబడ్డారు, పోలీసుల చేత కొట్టబడ్డారు అని రాయవచ్చు. కాకపోతే అది రాయకపోయినా వాక్యానికి లోటు రాదు. వ్యాకరణం ఇచ్చిన ఈ వెసులుబాటే కథంతా నడిపింది. చేసిన చెయ్యిని వదిలేసినా తప్పు పట్టే పంతులు లేడు.

పత్రికల్లోకి ఎట్లా వచ్చింది?

కందుకూరి వీరేశలింగం 1874లో 'వివేకవర్ధని' మొదలుపెట్టారు. 'కృష్ణా పత్రిక' 1902లో బందరులో వచ్చింది. కాశీనాథుని నాగేశ్వరరావు 'ఆంధ్రపత్రిక' 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టి, 1914లో మద్రాసు నుంచి దినపత్రిక అయింది. నిజాం రాజ్యంలో సురవరం ప్రతాపరెడ్డి 'గోలకొండ పత్రిక' 1926లో, మద్రాసులో 'ఆంధ్రప్రభ' 1938లో వచ్చాయి. వీటిని నడిపినవాళ్లు, రాసినవాళ్లు చాలావరకు పై కులాల విద్యావంతులు. వాళ్లకు చేతికొచ్చిన రాత భాష గ్రాంథికం. అందులో 'బడియెను', 'బడిరి', 'గావింపబడినది' అన్నవి గౌరవమైన రూపాలు.

దినపత్రికలు వచ్చాక దీనికి మరో కారణం తోడైంది. వార్తలు తంతి ద్వారా ఇంగ్లీషులో వచ్చేవి. రాత్రికి రాత్రి వాటిని తెలుగు చెయ్యాలి. ఇంగ్లీషు వాక్యం కర్మణిలో ఉంటే తెలుగు వాక్యమూ అట్లాగే దిగింది. మూడో కారణం ప్రభుత్వ ప్రకటనలు, పోలీసు నివేదికలు, కోర్టు కాగితాలు. ఏ ఆఫీసు కాగితమూ 'నేను చేశాను' అనదు. 'ఉత్తరువు జారీ చేయబడినది', 'కాల్పులు జరుపబడినవి' అంటుంది. కాల్చమని చెప్పినవాడు, కాల్చినవాడు ఇద్దరూ కాగితం వెనక దాక్కుంటారు. పల్లెల్లో విలేకరులు లేని రోజుల్లో పత్రికకు మాలపల్లె వార్త చేరింది ఎక్కువగా పోలీసు స్టేషను మీదుగానే. స్టేషను భాషే పత్రిక భాష అయింది.

కాబట్టి పాత సంపాదకులంతా కూడబలుక్కుని దోషుల్ని దాచారని ఎవరూ అనడం లేదు. కొందరు అంటరానితనం మీద గట్టిగా సంపాదకీయాలు రాసినవాళ్లే. భాష అలవాటుగా వచ్చింది. అయితే అలవాటు ఎవరికి చుట్టంగా పనిచేసిందో చూడాలి గదా. పాత సంచికల్లో రెండు రకాల వార్తలు పక్కపక్కన పెట్టి చూడండి. 'మంత్రిగారిచే హరిజనులకు ఇండ్ల పట్టాలు పంపిణీ చేయబడినవి'. ఇది ఒక తీరు. 'హరిజనవాడలో ఇండ్లు దగ్ధము చేయబడినవి'. ఇది ఇంకో తీరు. రెండూ 'బడు' వాక్యాలే. మొదటిదానిలో 'చే' ఉంది, రెండోదానిలో లేదు. ఇచ్చిన చెయ్యి కనపడింది, కాల్చిన చెయ్యి మాయమైంది. వ్యాకరణం రెండు చోట్లా ఒకే అవకాశం ఇచ్చింది. ఎక్కడ వాడాలో, ఎక్కడ మానాలో తేల్చింది సామాజిక బలమే.

పేర్లలో దాగిన 'పడు'

వార్తలో క్రియ సంగతి అట్లా ఉంచి, మనుషులకు పెట్టిన పేర్లు చూద్దాం. జాతీయోద్యమ కాలపు రాతల్లో 'పతితులు' అనే మాట కనిపిస్తుంది. సంస్కృతంలో 'పతిత' అంటే పడిన అని అర్థం. మన 'పడు'కు అది సంస్కృతం చొక్కా. పడినవాళ్లున్నారంటే ఏం చెయ్యాలి? లేపాలి. అందుకే పతితోద్ధరణ, హరిజనోద్ధరణ అన్న మాటలు పుట్టాయి. తోసిందెవరన్న ప్రశ్న పక్కకు పోయి, లేపుతున్నదెవరన్న పొగడ్త ముందుకొచ్చింది. గాంధీ 'హరిజన్' పత్రిక 1933లో మొదలయ్యాక 'హరిజనులు' అన్న పేరు తెలుగు పత్రికల్లో స్థిరపడి, అర్ధ శతాబ్దం పైగా నడిచింది.

'వెనుకబడిన తరగతులు' అన్నదీ అంతే. రాజ్యాంగంలోని ఇంగ్లీషు మాటకు ఇది తెలుగు. నలుగురు కలిసి నడుస్తుంటే ఒకడు వెనుకబడ్డాడంటే కాళ్లలో సత్తువ లేదనుకుంటాం. దారికి అడ్డంగా కంచె వేసినవాడు ఆ మాటలో లేడు. 'అణగారిన వర్గాలు' అనే మాట మన వ్యాసాల్లో, ఉపన్యాసాల్లో కూడా ధారాళంగా వాడుతున్నాం. నూనె అయిపోతే దీపం అణగారుతుంది. మనుషులు దానంతట అదే ఆరిపోయే దీపాలా? 'అణచివేతకు గురైన' అన్నా నయమే, అణచినవాడు ఒకడున్నాడన్న జాడ అందులో మిగులుతుంది.

పేరు వెనక ఉన్న ఈ చెయ్యిని ముందుగా పట్టుకున్నవాళ్లు దళిత నాయకులే. 1917లో బెజవాడలో పంచమ మహాసభ అన్న పేరుతో సభ జరిగింది. అధ్యక్షుడు హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డివర్మ. పంచములన్న పేరు తమకు వద్దని, తాము ఈ నేల మొదటి మనుషులమని ఆయన వాదించారు. ఆ సభ ఆది ఆంధ్ర మహాసభ అయింది. 'పంచములనబడు వారు' అన్న మాటను ఒకసారి విప్పి చూడండి. అనబడుతున్నారు సరే, అంటున్నదెవరు? బెజవాడ సభ అడిగిన ప్రశ్న సరిగ్గా ఇదే. 1922లో మద్రాసు ప్రభుత్వం పాత పేర్లకు బదులు ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అన్న పేర్లను గుర్తించింది. తర్వాత భాగ్యరెడ్డివర్మ సొంతంగా పత్రిక నడిపారు. రాజమండ్రి ప్రాంతంలో కుసుమ ధర్మన్న 'జయభేరి' నడిపారు. అనబడేవాళ్లు అనేవాళ్లుగా మారాలంటే పత్రిక కావాలని వాళ్లకు తెలుసు.

అంబేడ్కర్ 1920లో 'మూక్ నాయక్', 1927లో 'బహిష్కృత్ భారత్' స్థాపించడం వెనకా ఇదే తెలివిడి ఉంది. 'బహిష్కృత' అంటే వెలివేయబడిన. రూపం చూస్తే ఇదీ కర్మణియే. కానీ ఆ మాటను వెలికి గురైనవాడే తన పత్రిక నెత్తిన పెట్టుకున్నప్పుడు వెలివేసినవాడి వైపు వేలు చూపిస్తుంది. 'దళిత' అన్న మాటా అట్లాంటిదే. చీలిన, విరిగిన, నలిగిన అని దాని అర్థం. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ దాన్ని పోరాట పేరుగా ఎత్తుకున్నారు. తెలుగునాట 1985 తర్వాత అది జెండా మాట అయింది. 'పతిత' అంటే తనే పడ్డాడేమో అనుకోవచ్చు. 'దళిత' అంటే విరగ్గొట్టిందెవరని అడగక తప్పదు. కర్మణి రూపమంతా చెడ్డదని ఎవరైనా తేలిగ్గా తీర్మానిస్తే ఈ రెండు మాటలూ జవాబు చెబుతాయి. ఆ రూపం ఎవరి నోట్లో ఉందన్నదాన్ని బట్టి దాని పని మారుతుంది.

చంపబడ్డారు

1985 జూలై 17న అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో కమ్మ భూస్వాముల గుంపు మాదిగపల్లె మీద పడింది. ఆరుగురిని చంపారు. ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేశారు. ముందురోజు మంచినీళ్ల చెరువు దగ్గర నీళ్లు పాడు చేస్తుంటే అడిగినందుకు, కొట్టబోతే ఒక మాదిగ స్త్రీ బిందె ఎత్తి ఎదురు నిలబడినందుకు ఈ కక్ష. 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని తరిమి చంపి, శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవల్లో పారేశారు. అంతకుముందు సినిమాహాలులో కాలు తగిలిందన్న గొడవ, దాని వెంట సాంఘిక బహిష్కరణ.

ఇట్లాంటి ఘటనను నాలుగు తీర్లుగా రాయవచ్చు. ఒకటి: 'భూస్వాములు దళితుల్ని చంపారు'. రెండు: 'దళితులు చంపబడ్డారు'. మూడు: 'ఘర్షణలో పలువురి మృతి'. నాలుగు: 'గ్రామంలో ఉద్రిక్తత'. ఒకటి నుంచి నాలుగు దాకా రండి. మొదట చంపినవాళ్లు పోయారు. తర్వాత చంపడం పోయి చావు మిగిలింది. చివరికి చచ్చినవాళ్లు కూడా పోయి ఊరు మీద మబ్బులాగా 'ఉద్రిక్తత' ఒక్కటే మిగిలింది. ఘర్షణ అన్నమాటకు ఇద్దరు కావాలి. గొడ్డళ్లు పట్టుకుని వచ్చినవాణ్ణీ, పొలాలకడ్డం పడి పరుగెత్తినవాణ్ణీ ఒకే తాసులో తూచిన మాట అది.

మర్యాద లెక్క ఇంకొకటుంది. పాత పత్రికల్లో పెద్దమనిషి చనిపోతే 'గారు', 'మరణించారు'. కూలివాడు చస్తే 'ఒక హరిజనుడు', 'మరణించాడు'. క్రియ చివర 'రు'కూ 'డు'కూ మధ్య కులం కూర్చుంది. ఆడవాళ్ల సంగతి మరీ అన్యాయం. తెలుగులో ఒక్క స్త్రీ గురించి చెప్పే క్రియకూ, గొడ్డూ గోదా రాయీ రప్పా గురించి చెప్పే క్రియకూ చివరి రూపం ఒకటే. మర్యాద రూపం ఇవ్వకపోతే 'మానభంగము చేయబడినది', 'గుడిసె దగ్ధము చేయబడినది' ఒకే వరుసలో నిలుస్తాయి. దళిత స్త్రీ విషయంలో చేసినవాడు వాక్యంలో లేడు, ఆమె మనిషన్న గుర్తూ వాక్యంలో లేదు. కులమూ మగపెత్తనమూ కలిసి ఒక క్రియారూపంలో దూరిన చోటు ఇది.

'బడు' పోయింది, 'జరుగు' వచ్చింది

గిడుగు రామమూర్తి వ్యావహారిక ఉద్యమం ఫలితం పత్రికల్లో నెమ్మదిగా కనిపించింది. తాపీ ధర్మారావు 'జనవాణి' వంటి ప్రయత్నాలు ముందు నడిచాయి. 1974లో 'ఈనాడు' వచ్చే నాటికి దినపత్రికల్లో వాడుక భాషదే పైచేయి. డెస్కుల్లో 'బడు' రాయొద్దని సీనియర్లు జూనియర్లకు చెప్పడం మామూలైంది. బాగానే ఉంది. అయితే 'బడు' వెళ్లిపోతే కర్త తిరిగొచ్చాడా? రాలేదు. ఆ చోట్లోకి 'జరుగు' వచ్చింది. దాడి జరిగింది, లాఠీచార్జి జరిగింది, కాల్పులు జరిగాయి. 'గురి' వచ్చింది: హత్యకు గురయ్యాడు. 'సంఘటన చోటు చేసుకుంది' అన్న విచిత్రం కూడా వచ్చింది, సంఘటన తనంతట తానే వచ్చి చాప పరుచుకున్నట్టు. ఇక హెడ్డింగుల్లో క్రియే లేదు: 'హత్య', 'మృతి', 'దహనం'. జనం భాష అని పేరు పెట్టి తెచ్చిన వాడుక కూడా శిష్టుల వాడుకే గనక, వాడలో మామూలుగా వినపడే 'చంపారు' అన్న మాట అచ్చులో కొచ్చేసరికి బరువెక్కింది.

'పాల్పడు' సంగతి కూడా చూడాలి. 'హత్యకు పాల్పడ్డాడు', 'అవినీతికి పాల్పడ్డాడు' అంటాం. నేరానికి ఒడిగట్టాడని అర్థం. అదే క్రియను పత్రికలు 'ఆత్మహత్యకు పాల్పడ్డాడు' అని వాడతాయి. 2016 జనవరి 17న హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయినప్పుడు ఉద్యమకారులు దీన్ని ఒప్పుకోలేదు. అది సంస్థ చేసిన హత్య అన్నారు. వాళ్లు కోరింది వాక్యంలో కర్తను మార్చమని. ఆ వాదనతో ఏకీభవించేవాళ్లూ ఉంటారు, కాదనేవాళ్లూ ఉంటారు. కానీ క్రియ మీద అంత గట్టి తగాదా జరిగిందంటే, క్రియలో ఏముందో విద్యార్థులకు తెలిసిపోయిందన్నమాట.

పత్రికల జవాబు

దీనికి పత్రికలవాళ్లు ఒక జవాబు చెబుతారు. నేరం రుజువు కాకముందే ఫలానావాడు చంపాడని ఎట్లా రాస్తాం, పరువు నష్టం దావా పడదా అని. ఇది కొట్టిపారేసే మాట కాదు. ఎవరు చేశారో నిజంగా తెలియనప్పుడు, బాధితుడి గురించే చెప్పదలచుకున్నప్పుడు కర్మణికి చోటుంది. అయినా పేరు రాయకుండానే నిజం చెప్పే దారి తెలుగులో ఉంది. 'చంపారు' అనొచ్చు. 'ఫలానా కులం భూస్వాములు దాడి చేశారని బాధితులు చెప్పారు' అనొచ్చు. 'పోలీసులు ఇంతమంది మీద కేసు పెట్టారు' అనొచ్చు. జాగ్రత్త పేరుతో చేసినవాళ్లను దాచడం ఒకటి, చెప్పినవాళ్ల పేరు మీద చెప్పడం ఒకటి. రెండోదానికి విలేకరి పల్లె దాకా నడిచి వెళ్లాలి.

చట్టం ఏం చేసిందో చూడండి. 1989లో వచ్చిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం మూడో సెక్షను చేసినవాడితోనే మొదలవుతుంది. షెడ్యూల్డు కులానికో తెగకో చెందని వ్యక్తి ఎవరైనా ఆ కులాల, తెగల మనిషికి ఈ పని చేస్తే నేరం అని వరస. కర్త ఉన్నాడు, అతని సామాజిక స్థానం ఉంది, కర్మ ఉంది. పత్రికలు తీసేసిన మాటనే చట్టం మొదట పెట్టింది. వార్తలో బాధితుడి కులం రాసి, దాడి చేసినవాళ్ల కులం దగ్గర 'కొందరు' అని ఊరుకుంటే ఈ చట్టం కింద అది ఏ నేరమో చదివేవాడికి అర్థం కాదు.

కానీ కోర్టులో కూడా కర్త జారిపోవచ్చు. చుండూరు కేసులో 2007 జూలై 31న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు సాక్ష్యం నిలవలేదని శిక్షలన్నీ కొట్టేసింది. బాధితులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. హైకోర్టు తీర్పు తర్వాత చుండూరు గురించి న్యాయభాషలో మిగిలిన వాక్యం ఏమిటి? ఎనిమిది మంది చంపబడ్డారు. 'చేత' లేదు. పాత పత్రిక వాక్యం 23 ఏళ్ల తర్వాత తీర్పులో తేలింది. వ్యాకరణం వల్ల కేసు ఓడిపోయిందని అనడం అతిశయోక్తి. కానీ మొదటి రోజు ఎఫ్.ఐ.ఆర్.లో, మొదటి వార్తలో, మొదటి వాంగ్మూలంలో ఎవరు, ఎక్కడ, ఏ ఆయుధంతో అన్నది సూటిగా ఎక్కకపోతే చివరి రోజు వెతికినా దొరకదని దళిత లాయర్లకు, కార్యకర్తలకు అనుభవం మీద తెలుసు.

ఇంకో 'పడు'

ఇంతాచేసి ఈ క్రియ మనకు శత్రువేమీ కాదు. నిలబడు, తిరగబడు, కలబడు అన్న మాటల్లో ఉన్నదీ ఇదే 'పడు'. ఇక్కడ పత్రికలు చేసే పని వేరు. దళితులు హక్కు అడిగితే 'ఎగబడ్డారు', 'తెగబడ్డారు' అని రాస్తారు. చంపినవాళ్లకు దొరకని కర్తరి ప్రయోగం ఇక్కడ ధారాళంగా దొరుకుతుంది. పడినప్పుడు కర్మ, లేచినప్పుడు కర్త: పాత పత్రికలు మనకిచ్చిన చోటు ఇది. అందుకే కారంచేడు తర్వాత వాడ వదిలి చీరాల చేరిన జనం శిబిరం వేసుకుని కూర్చుని తమ కథ తామే చెప్పుకోవడం, 1985లో దళిత మహాసభ పుట్టడం, 1989లో 'నలుపు' వంటి పత్రిక రావడం భాష చరిత్రలో కూడా మలుపులే. చెరువు దగ్గర బిందె ఎత్తిన ఆమె 'ఎగబడింది' అని రాయాలా, 'నిలబడింది' అని రాయాలా అన్నది నిఘంటువు తేల్చే విషయం కాదు. ఎవరి పక్కన నిలబడి రాస్తున్నామన్నదే తేలుస్తుంది.

ఉపాధ్యాయులు తరగతిలో చేయించదగిన పని ఒకటుంది. కర్తరి, కర్మణి పాఠానికి రాముణ్ణీ పుస్తకాన్నీ పక్కన పెట్టి, ఏదైనా పాత దాడి వార్తను తీసుకోండి. పిల్లల చేత నాలుగు గీతలు గీయించండి. చేసినవాడు ఏ మాటలో ఉన్నాడు? పని పేరు చెప్పారా, ఫలితం ఒక్కటే చెప్పారా? ఎవరికి 'రు' వచ్చింది, ఎవరికి 'డు' వచ్చింది? ఈ వార్త ఎవరి నోటి నుంచి విన్నది? తర్వాత ఆ వార్తను వాడ మనిషి చెప్పినట్టు తిరిగి రాయించండి. 'చంపబడ్డాడు' ఉన్న చోట 'చంపారు' రాగానే, ఎవరు అని ఏ పిల్లవాడో తప్పకుండా అడుగుతాడు. ఆ ప్రశ్నను మధ్యలో ఆపకండి.

కార్యకర్తలకూ ఇదే మాట. నిజనిర్ధారణ నివేదికలు రాసేటప్పుడు మనమూ 'దాడి జరిగింది', 'అణగారిన ప్రజలు' అని చేతికొచ్చినట్టు రాసేస్తున్నాం. ఒకసారి వెనక్కి చదివి, ప్రతి క్రియ దగ్గరా ఆగి, ఇది ఎవరి చేత అని అడగాలి. జవాబు తెలిస్తే రాయాలి. తెలియకపోతే మళ్లీ ఆ వాడకు వెళ్లి అడిగి తెలుసుకోవాలి.